మొండోడు, ముప్పై నంబరు సీసా

జనవరి 9

పిన్నీ,

కవరు చూడగానే "దీనికేం పోయేకాలం, ఫోను లేదా" అనుకుని ఉంటావు. ఉంది. కానీ నీకు ఫోను చేస్తే నీ షాపులో కుర్చీల్లో కూర్చున్నవాళ్ళంతా చెవులు రిక్కించి వింటారు. పోయిన నెల నాకు జలుబు చేసిందని చెప్తే, తలకు రంగు పెట్టుకుని కూర్చున్న టీచరమ్మ వెనక నుంచి "ఆవిరి పట్టమను" అని అరిచింది. ఆవిడెవరు నాకు ఆవిరి పట్టడానికి? అందుకే ఇక నుంచి ఉత్తరాలు. దయచేసి గట్టిగా చదవకు.

అసలు సంగతికి వస్తా. ఏప్రిల్ రెండున మా కమిటీ కూర్చుంటుంది. నాకిచ్చిన అయిదేళ్ళూ అయిపోయాయి. ఇంకో ఏడాది ఇస్తే పరిశోధన పూర్తవుతుంది, ఇవ్వకపోతే మూటాముల్లె సర్దుకుని ఇంటికి రావడమే, పేరు ముందు డాక్టరు లేకుండా. ఇవ్వాలంటే చేతిలో గట్టి ఫలితం కనపడాలి. ఇన్నాళ్ళకు కనపడింది!

నా పని కడుపులో చేరి విరేచనాలు పట్టించే ఒక బాక్టీరియా మీద కదా. అది మన ఒంట్లోకి దూరగానే మన కణాలు దాని మీద ఘాటైన రసాయనం కుమ్మరిస్తాయి. దాన్నే ఆక్సిడేటివ్ ఒత్తిడి అంటారు. ఆ ఒత్తిడికి మామూలువైతే చస్తాయి. నా దగ్గరున్న రకం చావడం లేదు పిన్నీ! చావాలని పుస్తకాల్లో రాసిన మోతాదుకు మూడింతలు పోశాను. మర్నాడు పొద్దున మూత తీస్తే గాజు పళ్ళెం నిండా చుక్కలు చుక్కలుగా పెరిగి కూర్చుంది. ఏడు నెలలుగా ఎన్నిసార్లు చేసినా ఇదే తంతు. దానికి ల్యాబులో మొండోడు అని పేరు పెట్టుకున్నాం.

మా గైడు ఉన్నారు చూడు, నేను పెద్దాయన అంటుంటానే, ఆయన ఆ పళ్ళెం చూసి నవ్వారు. ఆయనకు పళ్ళున్నాయని అయిదేళ్ళకు తెలిసింది.

నీ
ఉడత


జనవరి 18

ఉడతా,

ఉత్తరం అందింది. గట్టిగా చదవొద్దన్నావు, చదవలేదు. మీ అమ్మమ్మకు ఒక్కదానికే చదివా. ఆవిడకు చెవుడు గనక కాస్త గొంతు పెంచాల్సి వచ్చింది. పక్కన డ్రయ్యరు నడుస్తోంది గనక ఇంకాస్త పెంచాల్సి వచ్చింది. అంతే.

అమ్మమ్మ చెవిన పడినవి నాలుగే ముక్కలు: అయిదేళ్ళు, ఒత్తిడి, విరేచనాలు, ఇంటికి రావడం. ఇక చూసుకో. తువ్వాళ్ళు మడతపెట్టే మనిషి అదే తువ్వాలు కళ్ళకద్దుకుని "పిల్ల అయిదేళ్ళుగా బాధపడుతుంటే నాకు చెప్పరా" అని నా మీద పడింది. కాదమ్మా, విరేచనాలు పురుగు వల్ల, ఒత్తిడి పురుగుకి అని నేనంటే, "పురుగుకి ఒత్తిడేంటే, మతి పోయిందా నీకు" అంది. నిజం చెప్పొద్దూ, నాకూ అదే అనుమానం. కంటికి కనపడని పురుగుకు టెన్షనేంటమ్మా? దానికేమన్నా పిల్లల చదువులా, షాపు అద్దెలా?

మూడు డబ్బాల కషాయం పొడి పంపుతున్నాం. ఆవిడే దంచింది. టీచరమ్మ జల్లెడ పట్టింది. తాగకపోయినా తాగానని రాయి.

ఇంకో అనుమానం. ఆ దరిద్రపు పురుగు చావడం లేదని నువ్వెందుకు సంబరపడుతున్నావు? నేను పేలమందు పెట్టాక పేలు చావకపోతే ఆ తల తాలూకు మనిషి నన్ను చంపుతుంది. మీ దగ్గర చావకపోతే నవ్వుతారా? మీ చదువులు మీకే తెలియాలి.

ఆ రసాయనం పేరేంటో రాయలేదు. రాయి. రసాయనాల మధ్యే నా బతుకూ తెల్లారుతోంది.

మీ
పిన్ని


జనవరి 27

పిన్నీ,

పొడి అందింది. నాకు విరేచనాలు లేవు. ఇది అమ్మమ్మకు చెప్పు. డ్రయ్యరు ఆపి చెప్పు.

రసాయనం పేరు వింటే ఎగిరి గంతేస్తావు. హైడ్రోజన్ పెరాక్సైడ్! నువ్వు రోజూ తలలకు పట్టించేదే. మన ఒంట్లోని కాపలా కణాలు దాన్ని పిసరంత తయారుచేసి శత్రువు మీద పోస్తాయి. అది లోపలికి పోయి ప్రొటీన్లను పాడుచేస్తుంది, డీఎన్ఏను తెగ్గొడుతుంది. టెన్షను అని నువ్వు వెక్కిరించింది ఇదీ. అద్దె కట్టకపోతే ఇల్లు పోతుంది, ఇక్కడ ప్రాణమే పోతుంది.

మొండోడు ఎలా తట్టుకుంటాడో విను. వాడి లోపల కాపలా కాసే ప్రొటీన్ ఒకటుంది. పెరాక్సైడ్ సోకగానే దాని ఒళ్ళు మెలితిరిగిపోతుంది. అలా మెలితిరిగి "వచ్చాడ్రోయ్" అని మిగతావాళ్ళందర్నీ నిద్ర లేపుతుంది. కేటలేజ్ అనే ఎంజైము పరుగెత్తుకొచ్చి పెరాక్సైడ్‌ను నీళ్ళుగా, గాలిగా విరగ్గొట్టి పారేస్తుంది. గాయం మీద పోస్తే బుసబుస నురగొస్తుందే, అదే పని. ఇంకొకరు లోపలున్న ఇనుమునంతా మూటగట్టి దాచేస్తారు, ఇనుమూ పెరాక్సైడూ కలిస్తే అగ్గి మీద గుగ్గిలమే గనక. ఇంకో నలుగురు తెగిన డీఎన్ఏను కుట్టుకుంటూ కూర్చుంటారు. ఎవరి పని వాళ్ళు చేసుకునే ఇల్లు అది. మన ఇంట్లో అలా ఒక్కరోజన్నా జరిగిందా?

ఇక సంబరం ఎందుకంటావా. దొంగ తాళం ఎలా తీస్తున్నాడో తెలిస్తేనే కదా తాళం మార్చేది. వాడి ఆయువుపట్టు దొరికితే రేపు మందు చేసేవాళ్ళు అక్కడే కొడతారు.

నీ సరుకనగానే రెచ్చిపోకు. మాది ముప్పై శాతం. స్టోరులో ముదురు రంగు సీసాల్లో పోసి, మీద 30 అని రాసి ఇస్తారు. దాన్ని నీళ్ళలో కలిపి, లెక్క కట్టి వాడతాం. మొన్నామధ్య కొలిచేటప్పుడు గొట్టం జారి చిక్కటి సరుకే నా ముందుజుట్టు మీద చిందింది. వారం తిరక్కుండా మళ్ళీ చిందింది. ప్రయోగం మధ్యలో వదిలేసి పోలేను కదా, నుదురు మాత్రం తుడుచుకుని, సాయంత్రం గదికి పోయి తల కడుక్కున్నా. ఇప్పుడొక పాయ రాగి చెంబు రంగుకు తిరిగింది. పెద్దాయన చూసి "ఇదేం వేషం" అన్నారు. ఏం చేయమంటావు?

నీ
ఉడత


ఫిబ్రవరి 6

ఉడతా,

అది మా సరుకా! ముందే చెప్పి ఏడవొచ్చు కదే! ఇన్నాళ్ళూ నువ్వేదో అర్థంకాని పని చేస్తున్నావని అందరికీ చెప్పుకుంటున్నా. ఇప్పుడు కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషికీ చెప్తున్నా, ఇదిగో మీ తల మీద పెట్టేదే మా అక్క కూతురు పురుగుల నెత్తిన పోస్తోందని. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు.

జుట్టు సంగతి వినగానే నా గుండె కలుక్కుమంది. కమిటీ ముందుకు ఆ వేషంతో పోతావా? నీ అంతట నువ్వు ఏదో రంగు కొని పులుముకోకు, నా ఒట్టే. ఆ పాయలోంచి నాలుగు వెంట్రుకలు, పక్కన మామూలు జుట్టు నాలుగు వెంట్రుకలు కత్తిరించి, కాగితంలో చుట్టి పంపు. చూసి సరిపోయే రంగు కలిపి పంపుతా. కుదుళ్ళ దాకా కావాలి, కొసలు పంపి చేతులు దులుపుకోకు.

అమ్మమ్మకు డ్రయ్యరు ఆపే చదివా. ఇప్పుడు ఆవిడకు విరేచనాల దిగులు పోయింది. దాని బదులు ఇంకోటి పట్టుకుంది. మొండోడు ఎవరని అడుగుతోంది. ఇంటికి కాపలా మనిషి ఉన్నాడు, ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు, కుట్టుపని చేసే ఆడవాళ్ళున్నారు, ఇనుము మూటలు మూటలు దాచిపెట్టారు, అంటే ఇనుము వ్యాపారమా అంటోంది. "పిల్ల ఇంతగా వర్ణించిందంటే మనసు పడ్డట్టే" అని టీచరమ్మ అగ్గి రాజేసింది. నేను నెత్తీ నోరూ బాదుకుని చెప్పా. "పేరే మొండోడు, రేపు మొండికేస్తే పిల్ల గతేం కాను" అని ఆవిడ గొడవ ఆవిడది.

నీ ల్యాబు నంబరు కాగితం అద్దం పక్కన అతికించి ఉండేది, రెండు రోజుల నుంచి కనపడట్లేదు.

మీ
పిన్ని


ఫిబ్రవరి 16

పిన్నీ,

నంబరు కాగితం ఎక్కడుందో నాకు తెలుసు. అమ్మమ్మ దగ్గరుంది. సోమవారం ల్యాబుకు ఫోను చేసింది. ఎత్తింది ఎవరనుకున్నావు? సాక్షాత్తూ పెద్దాయన.

"మొండోడి గురించి కనుక్కుందామని చేశానండీ" అందట. ఆయన ఉబ్బితబ్బిబ్బయ్యారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో బయటివాళ్ళు ఆయన బాక్టీరియా గురించి ఫోను చేసి అడగడం ఇదే మొదలు. ఆవిడకు సరిగా వినపడట్లేదని గొంతు పెంచి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను పక్కనే ఉన్నా, ఆయన వైపు మాటలు నా చెవులతో విన్నా. అమ్మమ్మ వైపువి తర్వాత ఆయనే మురిసిపోతూ చెప్పారు.

"వాళ్ళ వంశం ఎలాంటిదండీ?"

"చాలా పాత వంశమండీ. ఊళ్ళకు ఊళ్ళు మంచాన పడేసిన వంశం."

"మీకెక్కడ తగిలాడు?"

"ఆస్పత్రిలోనండీ. ఒక రోగి విరేచనాల్లోంచి తీశాం."

ఇక్కడ అమ్మమ్మ గొంతు సవరించుకుందట.

"మా పిల్ల బాగానే చూసుకుంటోందా?"

"ప్రాణం పెట్టి చూస్తుందండీ. వేళకు తిండి పెడుతుంది, వెచ్చగా పడుకోబెడుతుంది. చావగొట్టడానికి ఏడు నెలలుగా చూస్తోంది, చావట్లేదు. ఇరవై నిమిషాలకోసారి రెండింతలవుతాడు."

అమ్మమ్మ ఫోను పెట్టేసింది. "మీ అమ్మమ్మగారికి సైన్సు అంటే ఎంత ఆసక్తి" అని ఆయన ల్యాబంతా చెప్పుకుని తిరుగుతున్నారు. నేను ఏ గోడకు తల కొట్టుకోవాలో చెప్పు.

వెంట్రుకలు కాగితంలో ఉన్నాయి. పెద్దాయన మొండోడి మీద వ్యాసం రాసేస్తున్నారు, కమిటీ రోజుకల్లా పంపేస్తారట. నాకు ఏడాది వచ్చినట్టే అని నోటితో అన్నారు కూడా. రంగు త్వరగా పంపు.

ఉడత


మార్చి 3

ఉడతా,

రంగు డబ్బా ఈ ఉత్తరంతోనే ఉంది. చేతులకు తొడుగులు వేసుకుని రాసుకో, అరగంట ఉంచు.

అమ్మమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. చివరికి పాత పాఠం పుస్తకంలో బాక్టీరియా బొమ్మ తెచ్చి చూపించా. చాలాసేపు చూసి, "మీసాలున్నాయి" అంది. ఇప్పుడు బాగానే ఉంది.

ఇప్పుడు రాయబోయేది ఎనిమిది రోజులుగా రాయకుండా కూర్చున్నా. నువ్వు ఏడాది వచ్చినట్టే అన్నావు, షాపులో అందరికీ చెప్పేశా, నీ సంతోషం మీద నీళ్ళు పోయడానికి చెయ్యి రాలేదు. ఇక దాచలేను.

నీ వెంట్రుకలు చూశా. ఆ రాగి రంగు చూడగానే "ఇది నాకు తెలిసిన రంగే" అనిపించింది. తడిపి రెండు వేళ్ళతో లాగా. సాగింది, మళ్ళీ వెనక్కి పోయింది, తెగలేదు. నాలుగింటినీ లాగి చూశా, అన్నీ అంతే. ముప్పై శాతం పెరాక్సైడ్ పడి సాయంత్రం దాకా ఉన్న వెంట్రుక అలా ఉండదే. పీచులా అయిపోతుంది, లాగితే చేతికొస్తుంది. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒకావిడకు పొరపాటున అలాంటి సరుకు పెట్టారు, జుట్టంతా దువ్వెనకు వచ్చింది. అది కడిగిన నా వేళ్ళు సున్నం పూసినట్టు తెల్లబడి గంటసేపు మండాయి. నీ నుదుటి మీద పడితే నువ్వు తుడుచుకుని పని చేసుకున్నావు. మండిందని ఒక్క ముక్క రాయలేదు.

మా సరుకు మీదా 30 అని ఉంటుంది. అది శాతం కాదు, వాల్యూమ్. ఒక చెంచా సరుకు విరిగితే ముప్పై చెంచాల గాలి పుడుతుందని దాని అర్థం. శాతంలో చెప్పాలంటే తొమ్మిది. ఇరవై రెండేళ్ళుగా రోజుకు నాలుగు తలలకు పెడుతున్నా, అది చేసే రంగు నాకు నిద్రలో చూపించినా చెప్తా. నీ వెంట్రుక మీద ఉన్నది అదే.

నేను చదువుకున్నదాన్ని కాదు. మీ లెక్కలు నాకు తెలియవు. తొమ్మిదిని ముప్పై అనుకుని పోస్తే మూడింతలు పోశాననిపిస్తుందేమో, ఒక్కసారి ఆ సీసా చూడు. నా మాట తప్పయితే నన్ను నాలుగు తిట్టు, పడతా.

మీ
పిన్ని


మార్చి 9

పిన్నీ,

ఇది దేశంలో పెద్ద ల్యాబుల్లో ఒకటి. ఇక్కడ సీసా మీద ఏం రాసి ఉంటే లోపల అదే ఉంటుంది. నాలుగు వెంట్రుకలు లాగి చూసి ఏడు నెలల పనిని తప్పనడానికి ఇదేం కటింగు కాదు. నీ షాపు సంగతి నువ్వు చూసుకో, నా పని నన్ను చేసుకోనివ్వు.


మార్చి 12

పిన్నీ,

మొన్నటి ఉత్తరం ఇంకా అందకపోతే, వచ్చాక చించెయ్యి. అందితే నన్ను క్షమించు. చెప్పు తెగేదాకా కొట్టు.

నీ మీద కోపంతో ఆ ఉత్తరం పోస్టులో వేసి, నిన్ను తప్పని రుజువు చేద్దామని తిన్నగా స్టోరుకు పోయా. స్టోరు బాబాయిని పెరాక్సైడ్ ఎక్కడినుంచి వస్తుందని అడిగా. "ఎప్పుడూ తెచ్చేవాళ్ళ దగ్గర లేదమ్మా, పోయిన ఏడాది వేరేవాళ్ళను పట్టా. ముప్పై కావాలన్నా, ముప్పై పంపారు" అన్నాడు గర్వంగా. డబ్బా చూపించమన్నా. మెట్ల కింద ఉంది. కడిగి నీళ్ళు పట్టుకుంటున్నాడు. డబ్బా మీద ఒక అమ్మాయి జుట్టు గాల్లోకి ఎగరేసి నవ్వుతోంది. పక్కన పెద్ద అక్షరాల్లో 30, దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో వాల్యూమ్.

"ఈ బొమ్మ చూసి కూడా నీకు అనుమానం రాలేదా బాబాయ్?" అన్నా.

"ల్యాబులో ఆడపిల్లలు ఎక్కువ కదా అని..." అన్నాడు.

అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చా. ఆయన ఆ డబ్బాలోవే నీళ్ళు తెచ్చిచ్చాడు.

పక్క ల్యాబులో అసలైన ముప్పై శాతం సీసా అడిగి తెచ్చి, అదే లెక్కతో మళ్ళీ చేశా. మర్నాడు పళ్ళేలు అద్దాల్లా ఉన్నాయి, ఒక్క చుక్క లేదు. మొండోడు మొండోడు కాదు పిన్నీ. అందరిలాంటివాడే. మూడింతలకు బతికాడనుకున్నాం, వాడు తిన్నది నిండా ఒక్క వంతు కూడా కాదు.

పెద్దాయనకు చెప్పడానికి గుమ్మం దగ్గర పావుగంట నిలబడ్డా. చెప్పకుండా ఉంటే ఎవరికీ తెలియదు, ఏడాది వస్తుంది, ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. వచ్చింది. గట్టిగానే వచ్చింది. కానీ రేపు ఎవరో ఈ అంకె నమ్మి మందు చేయబోతే? లోపలికి పోయి చెప్పేశా. ఆయన వ్యాసం కాగితాలు తీసి, సొరుగులో పెట్టి, తాళం వేశారు. తాళంచెవి జేబులో వేసుకుని, "ఇంకేం మిగిలింది నీ దగ్గర?" అన్నారు.

నిన్నంతా కూర్చుని ఆలోచించా. ఒకటి మిగిలింది. ముందు కొద్దిపాటి దెబ్బ తగిలితే ఈ బాక్టీరియా తర్వాతి పెద్ద దెబ్బకు సిద్ధపడతాయని పెద్దలు ఎప్పుడో చెప్పారు. కాపలా ప్రొటీన్ ముందే లేచి అందర్నీ లేపి ఉంచుతుంది గనక. నిన్న మొండోడికి మొదట నీ తొమ్మిది శాతం సరుకుతోనే చిటికెడు రుచి చూపించి, అరగంట ఆగి, అప్పుడు అసలు మోతాదు పోశా. పొద్దున కొన్ని చుక్కలు బతికి ఉన్నాయి. వాడు ఆ చిన్న దెబ్బను ఎంతసేపు గుర్తుపెట్టుకుంటాడు, ఎప్పుడు మర్చిపోతాడు, అది ఈ రకంలో ఎవరూ చూడలేదు. చూడ్డానికి ఏడాది కావాలి.

ఇక్కడే చిక్కు. లెక్కలు వండి, దొరికిపోతానని భయపడి ఇప్పుడు సీసా కథ అల్లానని కమిటీలో ఎవరైనా అనొచ్చు, అంటారు కూడా అన్నారు పెద్దాయన. అందుకని తప్పు ఎలా బయటపడిందో, పట్టుకున్న మనిషే స్వహస్తాలతో రాసి సంతకం పెట్టి పంపాలి. పేరు, వృత్తి, అర్హత, ఏం చూశారు, ఏం చేశారు, అన్నీ ఉండాలి. కాగితం ఇందులో పెట్టా. ఏప్రిల్ రెండు లోపల రాకపోతే నా పని అయిపోయినట్టే.

నీ
ఉడత


మార్చి 21

ఉడతా,

రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి. తిట్టింది ముందు చదివా. టీచరమ్మ ఎదురుగా లేకపోతే ఏడ్చేదాన్నే. రెండోది చదివాక ఆవిడ ఎదురుగానే ఏడ్చా.

కాగితం రాయడానికి నాలుగు రోజులు పట్టింది. వృత్తి దాకా బాగానే వచ్చింది. అర్హత అన్న గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. నీకు చెప్పని మాట ఒకటుంది. నేను పది పాసయ్యానని మీ అమ్మా నేనూ అందరితో అంటూ వచ్చాం. అబద్ధం. తప్పా. తప్పింది కూడా సైన్సులోనే, మూడు మార్కుల తేడాలో. మళ్ళీ రాయలేదు, కత్తెర పట్టుకున్నా. నీకు చిన్నప్పుడు హోంవర్కు చెప్పమంటే నాకు పనుందని తప్పించుకునేదాన్ని, గుర్తుందా? పని ఉండి కాదు.

అంత పెద్దవాళ్ళు కూర్చునే చోట నా కాగితం చదివి, "జుట్టు కత్తిరించే మనిషి, అందులోనూ సైన్సు తప్పినామె, ఈవిడ మాట మీదా మనం నమ్మేది" అని విసిరికొడతారని భయం. నా మూలంగా నీ ఏడాది పోతుందని భయం. పాసు అని రాసేద్దామనుకున్నా. కలం పెట్టా కూడా. అమ్మమ్మ చూసి, "పిల్ల తన తప్పు తనే చెప్పుకుందిగా, నీ తప్పు చెప్పుకోడానికి నీకేం రోగం" అంది. ఆవిడకు వినపడకూడనివి భలే వినపడతాయి. నిజమే రాశా. ఏమవుతుందో ఏమో.

షాపులో నీకో కుర్చీ ఖాళీ చేసి పెట్టా. కావాలని కాదు, ఊరికే చెప్తున్నా.

మీ
పిన్ని

ఇందులో జత చేసిన కాగితం:

నివేదిక. ఇది రాస్తున్న నేను ఉడత పిన్నిని. వృత్తి, జుట్టు కత్తిరించుట, రంగు వేయుట, ఇరవై రెండు ఏండ్లు. అర్హత, పదో తరగతి, సైన్సు తప్పితిని. నాకు కవరులో నాలుగు వెంట్రుకలు వచ్చినవి. తడిపి లాగితిని. తెగలేదు. ముప్పై శాతమైతే తెగవలెను. కావున అది ముప్పై శాతము కాదని, తొమ్మిది శాతమని తెలుసుకొంటిని. అమ్మాయికి రాయుటకు ఎనిమిది రోజులు ఆలస్యము చేసితిని, ఆ తప్పు నాది. అమ్మాయి నన్ను మొదట తిట్టెను, పిదప చూసెను, చూసి దాచలేదు. రంగు సరిచూడగా మిగిలిన రెండు వెంట్రుకలు దీనికి అంటించితిని. కమిటీవారు తామే తడిపి లాగి చూసుకొనవచ్చును. మెల్లగా లాగవలెను.


ఏప్రిల్ 3

పిన్నీ,

నిన్న అయింది. నలుగురు కూర్చున్నారు. మధ్యలో తల నెరిసిన ఒక పెద్దావిడ, ఆవిడే అందరికీ పెద్ద. నేను సీసా సంగతి చెప్తుంటే ఒకాయన కుర్చీలో వెనక్కి వాలి, "కథ బాగుంది" అన్నాడు. పెద్దాయన లేచి నీ కాగితం ఆవిడ ముందు పెట్టారు.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివింది. నెమ్మదిగా, ప్రతి ముక్కా. నేను నేలకేసి చూస్తూ నిలబడ్డా. వెంట్రుకల దగ్గరికి వచ్చాక గ్లాసులో నీళ్ళు తీసుకుని, ఒకటి తడిపి, మెల్లగా లాగింది. సాగింది, వెనక్కి పోయింది. రెండోది వెనక్కి వాలినాయన చేతిలో పెట్టింది. ఆయనా లాగాడు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

అప్పుడావిడ మళ్ళీ కాగితం పైకి పోయి, అర్హత అన్న చోట వేలు పెట్టి ఆగింది. నా పని అయిపోయిందనుకున్నా. ఆవిడ కళ్ళజోడు తీసి నావైపు చూసి అడిగింది:

"ఈవిడను సైన్సులో తప్పించిన మహానుభావుడు ఎవరమ్మా?"

ఏడాది ఇచ్చారు పిన్నీ.

నీ
ఉడత